మాచిపత్రి వైద్యురాలు బావో గూ

మా అమ్మమ్మ చదువుకోలేదు. ఊళ్లో ఎవరికి కడుపులో నొప్పి వచ్చినా, పసిపిల్లలు గుక్క పట్టి ఏడ్చినా ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్లు. ఆవిడ పెరట్లోకి వెళ్లి ఏదో ఆకు తుంపుకొచ్చేది. ఆ చిట్కాలన్నీ తాతగారు ఓ పాత లెక్కల పుస్తకంలో రాసిపెట్టారు. మా ఇంట్లో దాన్ని ఇప్పటికీ తాతగారి పుస్తకం అనే అంటాం. నాకు నలభై దగ్గరపడుతోంది గానీ, అది అమ్మమ్మ పుస్తకం కదా అన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు. ఆ ఆలోచన రప్పించింది పదిహేడు వందల ఏళ్ల కిందటి ఓ చైనా ఇల్లాలు. పేరు బావో గూ.

బావో అన్నది ఇంటిపేరు. గూ అంటే మేనత్త, ఆడపడుచు అనే అర్థాలున్నాయి. గౌరవంగా పిలిచే పిలుపు కూడా. పెళ్లయినా ఆడవాళ్ల పుట్టింటి పేరు మారకపోవడం చైనా ఆచారం. ఆవిడ అసలు పేరు చియెన్‌గ్వాంగ్ అని అక్కడి దావో మతం వాళ్లు చెబుతారు. దాగిన వెలుగు అని అర్థమట.

క్రీ.శ. 309 ప్రాంతంలో పుట్టిందంటారు. చైనాలో అది జిన్ వంశపు కాలం. ఉత్తరాన యుద్ధాలు, జనం దక్షిణానికి వలసలు. తండ్రి బావో జింగ్, ఇప్పటి గ్వాంగ్‌జౌ చుట్టుపక్కల ప్రాంతమైన నాన్‌హైకి పాలనాధికారి. దావో విద్యలు తెలిసిన మనిషి. ఆయన దగ్గర నేర్చుకోవడానికి ఉత్తరాది నుంచి గె హోంగ్ అనే పండితుడు వచ్చాడు. శిష్యుడి తెలివికి ముచ్చటపడి బావో జింగ్ తన కూతుర్నిచ్చి పెళ్లి చేశాడు. గె హోంగ్ వయసు ఆవిడకంటే చాలా ఎక్కువ. ఆవిడ ఇష్టం ఎవరైనా అడిగారో లేదో చరిత్రలో ఎక్కడా లేదు. చరిత్ర అలాంటివి రాయదు కదా!

భార్యాభర్తలు లువోఫు కొండమీద స్థిరపడ్డారు. గె హోంగ్‌కి చావులేని మందు తయారుచెయ్యాలని పట్టుదల. ఇంగిలీకం దొరుకుతుందని దూరంగా ఉన్న ఓ చిన్న ఊరికి అధికారిగా పంపమని ఏరికోరి అడిగిన మనిషాయన. ఆయన కొలిమి దగ్గర లోహాలు కరిగిస్తూ ఉంటే, ఆవిడ చుట్టుపక్కల ఊళ్లు తిరిగి జనానికి కురుపులు, పులిపిర్లు, కంతులు నయం చేసేదని చెప్పుకుంటారు. నిజం చెప్పొద్దూ, నాకు ఆవిడ పనే ఎక్కువ అక్కరకొచ్చేదిగా కనిపించింది.

ఆవిడ వైద్యం సెగ వైద్యం. దాన్ని ఇప్పుడు మాక్సిబస్షన్ అంటున్నారు. ఆక్యుపంక్చర్ అంటే మనకి సూదులే గుర్తొస్తాయి గానీ, చైనా మాటలో సూది, సెగ రెండూ కలిసే ఉంటాయి. ఆ సెగకి వాడేది మన మాచిపత్రి జాతి మొక్కే. అవునండీ, వినాయకచవితికి ఇరవై ఒక్క పత్రిలో మొదట వేసే మాచీపత్రం! సరిగ్గా అదే మొక్క కాదు, దాని అప్పచెల్లెలు. మనం గుమ్మానికి మామిడాకులు కట్టినట్టు, వాళ్లు అయిదో నెల అయిదో రోజు పండగకి ఈ కొమ్మలు గుమ్మానికి కడతారు. ఆకుల్ని ఎండబెట్టి, నిలవచేసి, దంచి, జల్లిస్తే దూదిలాంటి పీచు మిగులుతుంది. దాన్ని చిన్న చిన్న ముద్దలుగానో, చుట్టలాగానో చేసి, అంటించి, ఒంటిమీద ఫలానా చోట సెగ తగిలేలా పెడతారు.

ఇది చదవగానే నా ఎడమచేతి మణికట్టు చూసుకున్నాను. చిన్నప్పుడు కామెర్లు వస్తే ఎవరో చెప్పారని తీసుకెళ్లి అక్కడ వాత పెట్టించారు. ఆ మచ్చ ఇంకా ఉంది. కామెర్లు వాతవల్ల తగ్గలేదు, వాటంతట అవే తగ్గాయి. అందుకే నిప్పుతో వైద్యమంటే నాకు భయం. చైనాలోనూ ఒకప్పుడు ఒంటిమీదే కాల్చి మచ్చలు పడనిచ్చేవారు. కానీ గె హోంగ్ పుస్తకంలో ఇంకో పద్ధతి కూడా ఉంది. వెల్లుల్లి ముక్క చర్మంమీద పెట్టి, దానిమీద ఆకుముద్ద వెలిగించడం. ఒళ్లు కాలదు, వేడి మాత్రం దిగుతుంది. ఆ వెల్లుల్లి ముక్క చూస్తే నాకు వంటింటి చెయ్యే కనిపిస్తుంది. మీరేమంటారో!

ఆవిడ గురించి చెప్పుకునే కథల్లో ఒకటి ఏటి ఒడ్డున కూర్చున్న పిల్లది. మొహం నిండా నల్లటి పులిపిర్లు. అందరూ ఎగతాళి చేస్తారు, పెళ్లి కావడం లేదు. నీళ్లలో నీడ చూసుకుని ఏడుస్తూ ఉంటే, అటు వెళ్తున్న బావో గూ ఆగి, సంచిలోంచి ఆకుపీచు తీసి సెగ పెట్టింది. కొన్నాళ్లకి పులిపిర్లు రాలిపోయి మొహం తేటపడిందట. ఆ ఆకు గ్వాంగ్‌జౌలో యువేషియు కొండమీద మొలిచే ఎర్రకాడల రకమని చెబుతారు.

ఇంకో కథ ఆవిడ పోయిన నాలుగైదు వందల ఏళ్లకి, తాంగ్ వంశపు కాలంలో పెయ్ షింగ్ అనే రచయిత రాసింది. ఓ ముష్టి ముసలమ్మ సారా కొట్లో జాడీ తన్నుకుంటే, కొట్టువాడు ఆమెని కొడుతున్నాడు. త్సుయ్ వెయ్ అనే కుర్రాడు తన పైబట్ట విప్పిచ్చి ఆ నష్టం తీర్చాడు. ముసలమ్మ థాంక్స్ కూడా చెప్పకుండా వెళ్లిపోయింది. తర్వాత మళ్లీ కనిపించి, కంతులు పోగొట్టే ఆకు కొంచెం చేతిలో పెట్టింది. దాంతో అతను ఓ సన్యాసి చెవి మీది కంతి పోగొట్టాడు. పాడుబడ్డ బావిలో పడ్డప్పుడు అక్కడున్న పాముకి పెదవిమీది కాయ కూడా పోగొట్టాడు. ఆ ముసలమ్మే బావో గూ అని అతనికి చాలాకాలం తర్వాత తెలుస్తుంది. అన్ని వందల ఏళ్లు జనం మర్చిపోకుండా కథల్లో నిలుపుకున్నారంటే ఆవిడ చేతిచలవ ఎంతటిదో!

మరి చదువుకున్నవాళ్ల పుస్తకంలో? గె హోంగ్ అత్యవసర వైద్యానికి ఓ చిన్న పుస్తకం రాశాడు. దాని పేరులో మోచేతి వెనక అన్న మాట ఉంటుంది. పొడుగు చేతుల చొక్కాలో దాచుకు తిరిగేదన్నమాట, మనం కొంగున ముడేసుకున్నట్టు. బీదవాళ్లకి పొలంగట్ల మీద దొరికే మందులే రాశాడు. సూది వెయ్యడానికి నేర్పు కావాలి, సెగ ఎవరైనా పెట్టగలరని, నాడుల పేర్లు చెప్పకుండా ఎక్కణ్ణుంచి ఎన్ని అంగుళాలో కొలతలిచ్చాడు. అందులో సూదికీ సెగకీ సంబంధించినవి 109 ఉంటే, 90కి పైగా సెగవే అని లెక్క తేల్చారు. తర్వాతి వైద్యులు కలిపినవీ ఆ పుస్తకంలో ఉన్నాయి. కానీ అంత సెగ వైద్యం కొలిమి దగ్గరి పండితుడికి ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, చాలామంది చైనా వైద్యులు చూపించేది ఆయన భార్యనే. ఆవిడ రాసిన పుస్తకం ఒక్కటీ మిగల్లేదు. గె హోంగ్ దొంగిలించాడని నేననను. ఒకే ఇంట్లో ఉన్న విద్య అది. రాసేవాళ్ల పేరే నిలుస్తుంది, అంతే.

ఆ పుస్తకం మళ్లీ ఓ ఆడమనిషి చేతిలోనే పండింది. మలేరియాకి మందు వెతుకుతున్న టు యూయూ 1971లో అందులోని నాలుగు ముక్కల దగ్గర ఆగిపోయింది. చింగ్‌హావో అనే మొక్కని గుప్పెడు తీసుకుని నీళ్లలో నానబెట్టి, పిండి రసం తాగమని ఉందక్కడ. కాచమని లేదు! వేడికి గుణం పోతోందని ఆవిడకి తట్టింది. తక్కువ వేడిలో ఈథర్‌తో సారం తీసింది. అదే ఆర్టెమిసినిన్. లక్షల ప్రాణాలు కాపాడిన మందు. 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. చింగ్‌హావో కూడా మాచిపత్రి జాతిదే. ఆ మలేరియా మందు బావో గూదే అనడానికి మాత్రం ఆధారం లేదు, నేనూ అనను.

సెగ వైద్యం సంగతా? కడుపులో బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నప్పుడు తల్లి కాలి చిటికెనవేలి దగ్గర ఈ సెగ చూపిస్తే బిడ్డ తిరుగుతుందని చైనాలో నమ్మకం. 260 మంది తొలిచూలు గర్భిణుల మీద అక్కడ చేసిన పరీక్ష ఫలితాలు 1998లో అమెరికా వైద్యపత్రికలో వచ్చాయి. సెగ పెట్టిన 130 మందిలో 98 మందికి, పెట్టని 130 మందిలో 62 మందికి బిడ్డ తల కిందికి తిరిగింది. తర్వాత వేరే దేశాల్లో చేసిన కొన్ని పరీక్షల్లో అంత తేడా కనిపించలేదు. కాబట్టి ఎవరూ అగరొత్తి పట్టుకుని ప్రయోగాలు చెయ్యకండి. డాక్టరమ్మని అడగండి.

గ్వాంగ్‌జౌలో యువేషియు కొండ కింద, తండ్రి కట్టించిన ఆశ్రమం ఉన్నచోట ఇప్పుడు సాన్‌యువాన్ ఆలయం ఉంది. అందులో బావో గూకి గుడీ, ఆవిడ పేరుతో ఓ బావీ ఉన్నాయి.

ఇదంతా చదివాక తాతగారి పుస్తకం మళ్లీ తీశాను. ఎక్కడా అమ్మమ్మ పేరు లేదు. కొలతలన్నీ గుప్పెడు, చిటికెడు, బెత్తెడు అనే ఉన్నాయి. ఎవరి గుప్పెడు? తాతగారిది పెద్ద చెయ్యి. అమ్మకి ఫోన్ చేసి అడిగితే నవ్వింది. అమ్మమ్మ గుప్పిట్లో పట్టేదే వెయ్యాలట, తాతగారి చేత్తో కొలిస్తే ఘాటెక్కువైపోతుందట.