పదకొండు నెలల ఊరు

దుగ్గిరాల అనగానే మన తెనాలి, రేపల్లె వైపు వాళ్ళకి ముందు గుర్తొచ్చేది పసుపు యార్డు. నేను రాస్తున్నది ఆ ఊరి గురించి కాదు, ఆ పేరు ఇంటిపేరుగా ఉన్న ఒక మనిషి గురించి. విజయవాడలో ఆంధ్రరత్న భవన్ పేరు మనలో చాలామంది వినే ఉంటారు. ఆ ఆంధ్రరత్న ఈయనే, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. స్కూల్లో చీరాల-పేరాల ఉద్యమం అని రెండు మార్కుల ప్రశ్నకి ఆయన పేరు బట్టీ పట్టి వదిలేశాం. నాకు మాత్రం ఆయన ఉద్యమ నాయకుడి కన్నా ముందు ఒక ఊరు కట్టిన మనిషిగా కనిపిస్తారు. ఆ ఊరి పేరు రామ్‌నగర్. బాపట్లలో రైలెక్కితే అరగంటలోపే చేరే చీరాల పక్కన, 1921లో పుట్టింది. పదకొండు నెలలు బతికింది.

గోపాలకృష్ణయ్య 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. పుట్టిన మూడో రోజునే తల్లి పోయింది, మూడేళ్ళకి తండ్రి పోయాడు. నాయనమ్మ, బాబాయి పెంచారు. గుంటూరులో హైస్కూలు చదివే రోజుల్లో ఆయన ధ్యాసంతా పాటలు, నాటకాల మీదే. జాతీయ నాట్యమండలి అని ఒకటి పెట్టి తిరిగారు, పరీక్ష తప్పారు. తర్వాత బాపట్లలో చదివి గట్టెక్కారు. అంటే సప్లీ రాసి పాసైన మన సీనియర్ అన్నమాట! బాపట్ల తాలూకా కచేరీలోనే ఏడాది పాటు ఉద్యోగం చేశారు. అక్కడి లంచాలు చూసి తట్టుకోలేక మానేశారు.

1911లో మిత్రుడు నడింపల్లి నరసింహారావు సాయంతో స్కాట్లండ్ వెళ్ళి ఎడింబరో యూనివర్సిటీలో ఎం.ఏ. చేశారు. అక్కడ ఉన్న కాలంలోనే ఆనంద కుమారస్వామితో పరిచయం కుదిరింది. నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇద్దరూ కలిసి ఇంగ్లీషులోకి తెచ్చారు. 1917లో హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ దాన్ని ‘ది మిర్రర్ ఆఫ్ జెశ్చర్’ పేరుతో అచ్చువేసింది. ఒకప్పుడు పరీక్ష తప్పిన కుర్రాడి పేరు హార్వర్డ్ పుస్తకం మీదికి ఎక్కింది, అదీ చిన్నప్పటి నాటకాల పిచ్చి పుణ్యాన.

తిరిగొచ్చాక రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీలో, తర్వాత బందరు జాతీయ కళాశాలలో పనిచేశారు. పైవాళ్ళతో అభిప్రాయాలు కలవక రెండూ వదిలేశారు. చివరికి చీరాల చేరి ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి నడిపారు.

అప్పటికే చీరాలలో గొడవ మొదలైంది. చీరాల, పేరాల, పక్క పల్లెలు కలిపి ఒక యూనియన్‌గా ఉండేవి. పన్నులు ఏడాదికి నాలుగు వేల రూపాయల దాకా వచ్చేవి. 1919లో ప్రభుత్వం దాన్ని మునిసిపాలిటీ చేసింది. పన్ను నలభై వేలకి పెరిగింది. ఊళ్ళో ఎక్కువమంది మగ్గం మీద బతికే నేతగాళ్ళు. ఒక్కసారిగా పది రెట్లు అంటే ఎక్కడినుంచి తెస్తారు? కట్టం అన్నారు. కొందరు జైలుకి కూడా వెళ్ళారు. వాళ్ళలో ఒక స్త్రీ కూడా ఉంది.

1921 ఏప్రిల్ మొదట్లో, విజయవాడ కాంగ్రెస్ సమావేశాలు అయ్యాక, గాంధీ చీరాల వచ్చారు. రెండు దారులు చూపించారు. ఒకటి, పన్ను కట్టకుండా వచ్చే శిక్ష భరించడం. రెండోది, ఊరు ఖాళీ చేసి వెళ్ళిపోవడం. మునిసిపాలిటీ అంటే ఎంత చెప్పినా కాగితం మీద ఒక సరిహద్దు గీత. గీత దాటి బయట కాపురం పెడితే పన్ను ఎవరి దగ్గర వసూలు చేస్తారు? వినడానికి తేలికే. చేయాలంటే ఇల్లు, మగ్గం, బావి అన్నీ వదిలి రావాలి. గోపాలకృష్ణయ్య ఆ రెండో దారి పట్టించారు. ఊళ్ళో సుమారు పదిహేను వేల మంది ఉంటే, పదమూడు వేల పైచిలుకు జనం మండుటెండల్లో కదిలారు.

సరిహద్దు అవతల పాకలు లేచాయి. అదే రామ్‌నగర్. కులానికి ఇంతమంది అని ప్రతినిధులతో ఒక సభ పెట్టుకున్నారు. తగువులు అక్కడే తీర్చుకున్నారు. రాత్రి బడులు పెట్టుకున్నారు. కాపలాకీ, సేవకీ రామదండు ఉంది. కాషాయం కట్టి, రుద్రాక్షలు వేసుకుని ఆయన తయారుచేసిన వాలంటీర్ల దళం అది. పన్ను తప్పించుకోవడానికి బయటికొచ్చిన జనం, తమని తాము పాలించుకోవడం అక్కడ మొదలుపెట్టారు.

పదకొండు నెలలంటే మధ్యలో ఒక వానాకాలం, ఒక చలికాలం. అన్నివేల మందిని పాకల్లో నిలబెట్టాలంటే డబ్బు కావాలి. అంతలో ఆయన బరంపురం వెళ్ళారు. అక్కడ మాట్లాడకూడదని ఆంక్ష పెట్టి అరెస్టు చేశారు. ఏడాది శిక్ష, తిరుచిరాపల్లి జైలు. ఆయన లేని రామ్‌నగర్ మీద ఒత్తిడి పెరిగింది. చివరికి జనం వెనక్కి, పాత ఇళ్ళకి వచ్చేశారు.

ఇక్కడే నాకు మనసు ఆగుతుంది. సభ ఉంది, బడి ఉంది, దండు ఉంది. అయినా మనిషి ఒక్కడు జైలుకి వెళ్తే ఊరు నిలవలేకపోయింది. అది ఆయన గొప్పతనమా, ఆ ఊరి బలహీనతా? రెండూ అనే నాకు అనిపిస్తుంది. మన క్లబ్బులు కూడా చూడండి, ఫైనలియర్ అన్నయ్య వెళ్ళిపోతే మూతపడినవి ఎన్ని లేవు? కాకపోతే ఆయన పందెం కాసింది పదమూడు వేల మంది బతుకుల మీద. వాళ్ళు పెట్టుకున్న నమ్మకం బరువు ఆయనకి తెలియకుండా ఉండదు.

విడుదలయ్యాక కాంగ్రెస్ రాజకీయాల్లో తిరిగారు కానీ చేతిలో డబ్బు నిలవలేదు. పేదరికం, పైన క్షయ. 1928 జూన్ 10న పోయారు. అప్పటికి నిండా నలభై లేవు.

ఆయన రాసినదాని కన్నా మాట్లాడింది ఎక్కువ. అప్పటికప్పుడు చెప్పిన చాటువులు, చమత్కారాలు నోటి మీదే తిరిగాయి. ఇక రామ్‌నగర్ పాకల్లో వండుకుని, మగ్గాలు లేకుండా నెలలు గడిపిన వాళ్ళ కథ వాళ్ళ ఇళ్ళల్లోనే ఉండాలి. చీరాల, పేరాల, జాండ్రపేట నుంచి వచ్చే డే స్కాలర్లు మన కాలేజీలో ఉన్నారు. ఈ సెలవుల్లో ఇంట్లో తాతయ్యల్ని, నాయనమ్మల్ని ఒక్కసారి అడగండి, వాళ్ళ పెద్దవాళ్ళు ఆ ఏడాది ఎక్కడున్నారని. చెప్పింది చెప్పినట్టు రాసుకుని పంపండి. వచ్చే సంచికలో వేసుకుందాం.