పురరక్షకుడు చార్లెసు బ్యుల్సు

రాజ్యముల చరిత్ర వ్రాయువారు యుద్ధములను, సంధులను, పట్టాభిషేకములను లెక్కింతురు. పురపాలక సంఘముల చరిత్రను వ్రాయువారు అరుదు. వీధిదీపములు, మురుగుకాలువలు, ఇంటిపన్నులు మహాపురుషుల కీర్తికి తగిన రంగములు కావని మనలో ననేకుల తలంపు. అట్లు తలంచువారు బెల్జియము దేశపు రాజధానియగు బ్రస్సెల్సు నగరమునకు 1881 మొదలు 1899 వఱకు అధ్యక్షుడుగ నుండిన చార్లెసు బ్యుల్సు చరిత్రమును ఒకమాఱు పరికింపవలెను. ఆయన సైన్యములను నడపలేదు; రాజ్యాంగమును రచింపలేదు. ఒక నగరపు ముఖమును చెఱుపకుండ కాపాడుటయే తన పనిగ నెంచుకొని, ఆ పనికై ఒక మహారాజు ఇచ్ఛకు ఎదురు నిలిచి, తుదకు పదవిని వదలుకొనెను.

బ్యుల్సు 1837వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీన స్వర్ణకారుల యింట జన్మించెను. యౌవనమున కులవృత్తినే అభ్యసించి, అందు నైపుణ్యము గడించుటకై పారిసునందును ఇటలీయందును కొంతకాల ముండెను. విశ్వవిద్యాలయపు పట్టములు లేకున్నను స్వయంకృషిచే అనేక భాషలను నేర్చెను. బంగారమును చెక్కువానికి ఒక గుణము సహజముగ అలవడును. గోరంత లోహమును వృథాగ పోనీయడు; పాతనగ నొకదానిని కరగించుటకు ముందు దాని పనితనమును తేఱిపాఱ జూచును. ఆ దృష్టియే పిమ్మట నగరపాలనమునందును ఆతనికి తోడ్పడినది.

ప్రజాజీవితమున ఆతని మొదటి రంగము విద్య. 1864లో స్థాపితమైన విద్యాసమితికి ఆయన స్థాపకులలో నొకడు. ఆ సమితి 1875లో ఒక ఆదర్శపాఠశాలను తెఱచి, వల్లెవేయించుటకు బదులు పరిశీలన ద్వారా బోధించు పద్ధతిని చూపెను. 1877లో ఆయన పురపాలక సంఘ సభ్యుడుగ ఎన్నికయ్యెను. రెండేండ్లకు విద్యాశాఖ ఆతని వశమయ్యెను. ఆనాటి బ్రస్సెల్సులో పాలకుల భాష ఫ్రెంచి. సామాన్యుల భాష ఫ్లెమిషు. ఇంటియందు ఫ్లెమిషు మాటాడు బాలుడు బడిలో తనకు తెలియని భాషలో అక్షరములు దిద్దవలసివచ్చెడిది. మాతృభాషయందు విద్య మొదలిడి, పిమ్మట రెండవభాషకు కొనిపోవు తరగతులను బ్యుల్సు ప్రవేశపెట్టించెను. ఆతని యధ్యక్షతాకాలముననే వీధుల పేర్లు రెండుభాషలలోను వ్రాయబడెను. ఫ్లెమిషు నాటకశాల 1887లో తెఱవబడెను. పరభాషలో ఓనమాలు దిద్దుట యెట్టిదో ఎఱిగిన మనకు ఈ సంస్కరణము విలువను వేఱుగ చెప్పనక్కఱలేదు.

1881 డిసెంబరులో ఆయన నగరాధ్యక్షుడయ్యెను. ఇచట పాఠకులు గమనింపదగిన విశేష మొకటి గలదు. బెల్జియమునందు సంఘసభ్యులను ఓటరు లెన్నుకొందురు. నగరాధ్యక్షుని మాత్రము ఆ కాలమున ఆ సభ్యులలోనుండి రాజు నియమించుచుండెను. కావున రాజు కలముతో పదవినందినవాడే రాజు కోరికకు అడ్డుపడవలసివచ్చెను. ఆ రాజు సామాన్యుడు కాడు. రెండవ లియోపోల్డు చిన్నదేశపు సింహాసనమున గూర్చుండి మహాసామ్రాజ్యాధిపతివలె కలలుగన్న పురుషుడు. విశాలరాజమార్గములతోడను, విజయతోరణములతోడను, దీర్ఘదృశ్యములతోడను తన రాజధాని పారిసును మించవలెనని ఆతని వాంఛ. ఆ వాంఛకు ధనమెచటిదో లోకమెఱుగును. 1885 మొదలు 1908 వఱకు కాంగోదేశము ఆతని సొంత ఆస్తివలె నుండెను. రబ్బరు కొఱకు ఆ ప్రజల రక్తమును పిండిన సొమ్ములో కొంతభాగము బ్రస్సెల్సు తోరణములకు రాళ్లుగ మాఱెను.

బ్యుల్సు పదవికి వచ్చునప్పటికే నగరము సగము గాయపడియుండెను. ఆతనికి పూర్వికుడైన జూల్సు అన్‌స్పాకు 1867 మొదలు 1871 వఱకు సెన్ను నదిని భూమిక్రింద కప్పించి, పైన పెద్దవీధులను వేయించెను. ఆ పని నిష్కారణమని చెప్పరాదు. ఆ నది మురుగుకాలువగ మాఱినది. 1866లో కలరా అనేకులను పొట్టబెట్టుకొనెను. ఐనను రోగమునకు చేసిన చికిత్స ఊరి నడిబొడ్డున ప్రాతపేటలను తుడిచిపెట్టి, అందలి బీదజనమును చెల్లాచెదరు గావించెను. మఱియొకవంక కొండపై న్యాయస్థానభవన మొకటి లేచుచుండెను. 1866లో మొదలైన యాభవనము 1883లో ముగిసెను. రోమునగరమందలి సెయింటు పీటరు దేవాలయముకంటెను విశాలమైనది. దానికొఱకు మరోల్‌పేటలోని యిండ్లు కూలినవి. ఆ పేటవాసులకు వాస్తుశిల్పియను మాటయే ఒక తిట్టుగ మాఱినదన వారి క్షోభ యెంతటిదో ఊహింపవచ్చును.

ఇట్టి సమయమున బ్యుల్సు దృష్టి గ్రాండు ప్లాసు అను నగరమధ్య చత్వరముపై నిలిచెను. దాని చరిత్ర చిన్నది కాదు. 1695 ఆగస్టులో ఫ్రెంచి సేనాని విల్లెర్వా మూడుదినములు ఫిరంగులు ప్రేల్చి నగరమును బూడిద గావింపగా పురసభాభవనపు గోపుర మొకటి నిలిచెను; చుట్టునున్న వర్తకశ్రేణుల గృహములు నేలమట్టమయ్యెను. శ్రేణులవారు కొలదియేండ్లలోనే వానిని మరల కట్టుకొనిరి. అప్పుడును ఎవరి యిచ్ఛవచ్చినట్లు వారు కట్టలేదు. ఇంటి ముఖభాగపు నమూనాను ముందుగ పురాధికారులకు చూపి అనుమతి పొందవలెనని 1697లో శాసన మేర్పడెను. కట్టడములపై అదుపు నవీనులు కనిపెట్టిన బాధ కాదని దీనివలన తెలియుచున్నది.

రెండు శతాబ్దములు గడచునప్పటికి శ్రేణులు అంతరించెను. గృహములు వేఱువేఱు యజమానుల చేతులలోబడి, శిల్పములు రాలి, కొన్నిటి ముంగిళ్లు అంగళ్లవారి యవసరములకు మార్చబడి, వికృతరూపమును దాల్చెను. యజమానుల నేమనవలెను? వారి యిల్లు వారిది. చట్టము వారి పక్షము. ఇచటనే బ్యుల్సు నేర్పు వెల్లడియయ్యెను. ఆయన యజమానులను దొంగలవలె నిలదీయలేదు. వారి యాస్తిని లాగికొనలేదు. 1883లో నగరమునకును గృహస్థులకును ఒడంబడిక ఏర్పడెను. ముఖభాగముల జీర్ణోద్ధారణమును, పోషణమును నగరము వహించును. యజమానులు వానిని తమ యిష్టముకొలది మార్చకుందురు. ఇంటిలోపలి భాగము గృహస్థునిది, వీధికి కనబడు ముఖము మాత్రము పురజనులందఱిది అను సూక్ష్మమైన ధర్మమును ఆయన ఆచరణలో బెట్టెను. ప్రాతచిత్రములను, దస్తావేజులను శోధించి సాగించిన యా పని 1923 వఱకు, అనగా ఆతని మరణానంతరముగూడ, నడచెను.

తన యనుభవమును ఆయన 1893లో నగరసౌందర్యమును గూర్చిన చిన్న పుస్తకముగ ప్రకటించెను. నాలుగేండ్లకు పూర్వమే వియన్నా నగరవాసియగు కామిల్లో సిట్టె ఇట్టి విషయముపై గ్రంథమును వెలువరించియుండెను. సిట్టె వాస్తుశిల్పి, బ్యుల్సు పాలకుడు. కావున బ్యుల్సు గ్రంథమున శాస్త్రముతోబాటు లెక్కపుస్తకపు వాసనయు గలదు. గాలి, వెలుతురు, రాకపోకలు నగరమునకు కావలెనని ఆయన ఒప్పుకొనెను. ఐతే కాగితముపై బద్దపెట్టి గీచిన తిన్నని గీతయే పరమార్థమని నమ్మిన యింజనీరుల పద్ధతిని నిరసించెను. ప్రాతవీధుల వంకరలు అజ్ఞానమువలన గలిగినవి కావనియు, నేలవాలును, జనుల నడకను, తరతరముల యవసరమును అనుసరించి యేర్పడినవనియు ఆతని యభిప్రాయము. ఒక ప్రాచీన దేవాలయమును కాపాడెదమని చెప్పి దాని చుట్టునున్న యిండ్లన్నిటిని తొలగించి బయలున నిలబెట్టుటయు ఆయనకు సమ్మతము కాదు. పరిసరములతో పుట్టిన కట్టడమునకు పరిసరములే ప్రాణము. కూల్చుటకు ముందు వేయిమాఱులు ఆలోచింపవలెను, ఏలయన పొరపాటుగ కట్టినదానిని దిద్దుకొనవచ్చును గాని పొరపాటుగ కూల్చినదానిని తిరిగి తేజాలము.

రాజుతోడి విరోధము కొండవాలుననున్న సెయింటు రాకు పేటవద్ద ముదిరెను. మీదిపట్టణమునకును దిగువపట్టణమునకును నడుమ మెట్లత్రోవలతోడను, ఇఱుకుసందులతోడను నిండిన మధ్యయుగపు పేట అది. దానిని తుడిచివేసి యచట కళాశైలమను పేర మహాభవనముల సముదాయమును నిర్మింపవలెనని లియోపోల్డు పట్టుబట్టెను. ప్రభుత్వబలము, ధనబలము, సంఘములోని కొందఱి యాశయు రాజువైపు మొగ్గెను. 1897, 1898 సంవత్సరములలో ఆ పేట నేలమట్టమయ్యెను. ఈ విధ్వంసము బ్యుల్సు పదవిలోనుండగనే జరిగినదను సత్యమును దాచుట తగదు. అధ్యక్షపదవి సర్వాధికారము కాదు. రాజు ఆడంబరనిర్మాణములను ఆమోదింపజాలక ఆయన 1899 డిసెంబరులో పదవిని త్యజించెను. పదునెనిమిదేండ్ల పాలనానంతరము ఒక నగరాధ్యక్షుడు లంచమునకో, ఓటమికో కాక, నమ్మిన సిద్ధాంతమునకై కుర్చీని విడుచుట అరుదైన విషయము.

కూల్చినవారు వెంటనే కట్టిరా యన, లేదు. ధనము సమకూడక ఆ స్థలము పదియేండ్లకు పైగా పాడుబడియుండెను. 1910 ప్రదర్శన సందర్భమున అచట తాత్కాలికముగ ఒక యుద్యానవనమును వేసిరి. ప్రజలు దానిని ప్రేమించుచుండగా 1950 తరువాత దానినిగూడ తీసివేసి ఇప్పటి భవనములను లేపిరి. నగరగర్భమును చీల్చుకొని పోవు రైలుమార్గపు పని 1911లో మొదలై 1952 వఱకు సాగి వేలాది జనుల నివాసములను మ్రింగెను. 1899లో తెఱచిన విక్టరు హోర్టా నిర్మితమగు ప్రజాభవనమును 1965లో పడగొట్టిరి. తుదకు ప్రాతపట్టణమును లాభాపేక్షచే విచ్చలవిడిగ నాశనము చేయుటకు ఐరోపావాస్తుశిల్పులు బ్రస్సెల్సు పేరుమీదనే ఒక క్రొత్తమాటను కల్పించిరి. బ్యుల్సు మాట పెడచెవిని బెట్టిన నగరమునకు దక్కిన ఖ్యాతి యిది.

ఆతని యందు లోపములు లేవని మేము చెప్పము. ఆయన కాలపు జీర్ణోద్ధారణములో కొంత రక్షణమునుమించి పునఃసృష్టియైనది. ప్రాతదానిని నిలుపుట వేఱు, ప్రాతదానివలె క్రొత్తది కట్టుట వేఱు. చత్వరములోనే రాజగృహమను పేరుగల భవనమును ఆతనికి పూర్వమే 1873లో కూల్చి ప్రాతశైలిలో కట్టనారంభించిరి. ఆ పని ఆతని కాలమున పూర్తియయ్యెను. 1903లో ఆయన ప్రాచీన కట్టడముల జీర్ణోద్ధారణమును గూర్చి ప్రత్యేకముగ వ్రాసెను. అంతకన్న గంభీరమైన విషయ మింకొకటి గలదు. 1898లో ఆయన కాంగోకు పోయి, మరుసటియేడు ఆ యాత్రను గూర్చి గ్రంథమును ప్రకటించెను. ఐనను ఆ దేశపు ఘోరములను లోకమునెదుట నిలదీసినవారిలో ముందువరుసనున్న పేర్లు మోరెలు, కేస్‌మెంటులవి గాని బ్యుల్సుది కాదు. తన పురమునందలి బీదల పేట కూలుట చూచి బాధపడినవాడు, ఏ పల్లెల గోడుతో ఆ రాజు ధనరాశి పెరిగెనో ఆ గోడును లోకమునకు చాటలేదు. పరపీడితజాతికి చెందిన మనము ఈ మాటను మఱువరాదు; మఱువకయే ఆతని సుగుణమును గ్రహింపవచ్చును.

1914 జూలై 13వ తేదీన బ్యుల్సు కన్నుమూసెను. సరిగా 22 దినములకు, ఆగస్టు 4న, జర్మను సేనలు బెల్జియమున జొరబడెను. ఆ నెలలోనే లూవేను నగరపు గ్రంథాలయము బూడిదయయ్యెను. ఒక్కొక్క ముంగిలిని ఒడంబడికలతో నిలిపిన వృద్ధుడు ఆ దృశ్యమును చూడకుండుట ఆతని యదృష్టము. పురసభాభవనము ప్రక్కవీధికి ఆతని పేరు పెట్టబడినది. 1899లోనే కళాకారులు ఆతని గౌరవార్థము అచట ఫలకమును నిలిపిరి. 1998లో గ్రాండు ప్లాసు ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తింపబడెను. మరుసటియేడు సమీపముననే ఆతని కంచుప్రతిమను నెలకొల్పిరి. అందాయన పీఠముపై గుఱ్ఱమెక్కి లేడు. తన కుక్కతో వీధిలో సామాన్యునివలె కూర్చుండియున్నాడు. నాడు నగరాదాయమునకు అడ్డమని కొందఱు తలంచిన ఆ ప్రాతముంగిళ్లను చూచుటకే నేడు దేశదేశముల జనులు వచ్చుచున్నారు.

ఈ చరిత్రమువలన మన పట్టణవాసులు గ్రహింపదగినది స్పష్టము. పురపాలక సభ్యత్వమునకు నిలుచు ప్రతివాడును క్రొత్త రోడ్లను, క్రొత్త మార్కెట్టులను వాగ్దానము చేయును. అవి కావలసినవే. కాని ఊరి చెరువుగట్టును, కోనేటిమెట్లను, ప్రాతసత్రమును, దేవాలయవీధిని ఏమిచేయుదువని ఆతని నడుగువారు కనబడరు. అడుగవలసినవారిలో మొదటివారు భూస్వాములును గృహస్థులునే, ఏలయన స్థలముల వెల పెరిగినపుడు లాభము పొందువారు వారే, అమ్మకమునకు సంతకము చేయువారు వారే. మన ఆస్తికి వీధివైపు నొక ముఖము గలదనియు, ఆ ముఖమున ఊరికి భాగము గలదనియు ఒప్పుకొనుట నష్టము కాదని 1883 నాటి ఒడంబడిక ఋజువు చేసినది. అట్టి ఒడంబడికను వ్రాయగల ఓర్పు, వ్రాసినదానికై పదవిని వదలగల ధైర్యము, ఈ రెండును గలవానికే మన ఓటు చెల్లవలెను.