చెరువు నుంచి నది దాకా: నీటి పంపకంలో బాబాసాహెబ్ వేసిన బాట

బాబాసాహెబ్ విగ్రహం లేని దళితవాడ మనకు అరుదు. ఏప్రిల్ 14న దండ వేస్తాం, డిసెంబర్ 6న కొవ్వొత్తి వెలిగిస్తాం. రాజ్యాంగం గురించి, రిజర్వేషన్ల గురించి మాట్లాడుకుంటాం. ఈ దేశపు నదుల కోసం ఆయన చేసిన పని మాత్రం మన సభల్లో పెద్దగా వినపడదు. ఒకే నది కోసం రెండు రాష్ట్రాలు కొట్లాడుకున్న ప్రతిసారీ మనం ఆ పనిని గుర్తు చేసుకోవాలి.

1891లో మౌలో పుట్టిన భీమ్‌రావుకు నీటి మీద కులం కాపలా ఎలా ఉంటుందో బడిలోనే తెలిసింది. కుండ ముట్టుకోకూడదు, కుళాయి తిప్పకూడదు. ప్యూను వచ్చి పోస్తేనే తాగాలి. ప్యూను లేని రోజు దాహంతోనే ఉండాలి. 1901లో తోటి పిల్లలతో కలిసి సతారా నుంచి గోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి బయల్దేరాడు. మసూర్ స్టేషన్‌లో దిగాక, వీళ్లు మహర్లని తెలిసి బండి కట్టడానికే ఎవరూ ముందుకు రాలేదు. చివరికి బండి దొరికినా, దారిలో తాగడానికి నీళ్లిచ్చినవారు లేరు. వెంట అన్నం ఉన్నా పిల్లలు ఆకలితోనే పడుకున్నారు.

ఆ పిల్లవాడే పెద్ద చదువులు చదివి వచ్చి, 1927 మార్చి 20న వేలమందితో మహద్ చవదార్ చెరువుకు నడిచారు. దోసిలితో నీళ్లు తాగారు. అందుకు సవర్ణులు దాడి చేశారు, చెరువు మైలపడిందని శుద్ధి చేశారు. కేసు కోర్టుల్లో పదేళ్లు నడిచింది. 1937లో బొంబాయి హైకోర్టు అంటరానివారి పక్షాన తీర్పు ఇచ్చింది. ఊరుమ్మడి నీరు ఏ ఒక్క కులం సొత్తూ కాదన్నది మహద్ చెప్పిన పాఠం.

1942 జూలైలో ఆయన వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో లేబర్ సభ్యుడయ్యారు. కార్మికుల సంక్షేమంతో పాటు సాగునీరు, విద్యుత్తు కూడా ఆ శాఖ కిందికే వచ్చేవి. 1935 చట్టం ప్రకారం సాగునీరు ప్రొవిన్సుల చేతిలో ఉండేది. నది మాత్రం ప్రొవిన్సు సరిహద్దు దగ్గర ఆగదు కదా! ఎగువవాళ్లు తమకు తోచింది చేసేవారు, దిగువవాళ్లు వరదకో ఎండకో బలయ్యేవారు.

1943లో దామోదర్ నది కట్ట తెగి బర్ద్వాన్ ప్రాంతం మునిగింది. కలకత్తాకు రైలు, రోడ్డు దారులు తెగిపోయాయి. అసలే అది బెంగాల్ కరువు ఏడాది. ఈ నది ఛోటానాగ్‌పూర్ కొండల్లో పుడుతుంది. ఆ కొండలు అప్పట్లో బీహార్‌లో ఉండేవి. ముంపు బెంగాల్‌ది. వరద ఆపే ఆనకట్టలు బీహార్‌లో కట్టాలి. భూములు పోయేది ఒకరికి, ప్రాణాలు దక్కేది మరొకరికి. మరి ఖర్చు ఎవరు పెట్టాలి? కరెంటు ఎవరికి రావాలి?

ఆ చిక్కుముడిని విప్పడానికి 1945 జనవరి 3న కలకత్తాలో కేంద్రం, బెంగాల్, బీహార్ ప్రతినిధులు కలిశారు. అంబేడ్కర్ అధ్యక్షత వహించారు. అమెరికాలో టెనెస్సీ లోయకు ఏర్పాటు చేసిన సంస్థ లాంటిది ఇక్కడా కావాలన్నది ఆలోచన. లోయ మొత్తానికీ ఒకే సంస్థ, అందులో ముగ్గురూ భాగస్వాములు. వరద నివారణ, సాగునీరు, కరెంటు, పడవ దారి అన్నీ ఒకే పథకంలో ఉండాలి. 1948లో దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ ఏర్పడేనాటికి ఆయన న్యాయమంత్రి.

1945 నవంబర్‌లో కటక్ సమావేశంలో మహానది విషయమూ ఇలాగే చర్చకు వచ్చింది. వరద నీటిని ఎలాగోలా సముద్రంలోకి తోసేయాలన్న పాత ఆలోచనను ఆయన ఒప్పుకోలేదు. నీరు సంపద, దాన్ని నిల్వ చేసుకోవాలన్నారు. హీరాకుడ్ ఆ దారిలోనే వచ్చింది. ఆ ఏడాదే జలమార్గాలు, సాగునీరు, నౌకాయానానికి ఒక కేంద్ర కమిషన్ ఏర్పడింది. నేటి కేంద్ర జల సంఘానికి మూలం అదే.

రాజ్యాంగ రచనలోనూ ఆయన ఈ పని వదల్లేదు. అంతర్రాష్ట్ర నదుల నియంత్రణ కేంద్ర జాబితా 56వ అంశంలో ఉంది. నీటి తగాదాలు తీర్చే చట్టం చేసే అధికారం 262వ అధికరణ పార్లమెంటుకు ఇచ్చింది. 1949లో సభ ముందుకు ఆ ప్రతిపాదన తెచ్చింది ఆయనే. దాని ఆధారంగా జల వివాదాల చట్టం, 56వ అంశం ఆధారంగా నదీ బోర్డుల చట్టం 1956లో వచ్చాయి. ఆ డిసెంబర్ 6న ఆయన కన్నుమూశారు.

కృష్ణా, గోదావరి ట్రిబ్యునళ్లు ఈ వివాదాల చట్టం కిందే ఏర్పడ్డాయి. కానీ నదీ బోర్డుల చట్టం కింద ఒక్క బోర్డూ రాలేదు. మన దగ్గర కృష్ణా, గోదావరి బోర్డులు రావడానికి 2014 రాష్ట్ర విభజన చట్టం కావాల్సి వచ్చింది. తగాదా తీర్చే సగం పట్టుకున్నాం, కలిసి పనిచేసే సగం వదిలేశాం.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. దామోదర్, హీరాకుడ్ ఆనకట్టల కింద ఊళ్లు పోగొట్టుకున్నవారిలో ఆదివాసీలు, దళితులు ఎందరో ఉన్నారు. పంపకం ప్రభుత్వాల మధ్య కుదిరింది, మనుషుల దాకా దిగలేదు. నేటికీ లెక్క టీఎంసీల్లోనే జరుగుతుంది. కాలువ చివరి ఎకరం ఎవరిది, జలాశయంలో వల వేసే హక్కు ఎవరికుంది, ముంపులో ఇల్లు పోయినవారు ఎక్కడున్నారు అన్న ప్రశ్నలు ఆ బల్ల దగ్గరికి రావు.

రెండు ప్రభుత్వాలు కూర్చుని నీళ్లు పంచుకుంటే దామోదర్ పాఠం నెరవేరినట్టు. మహద్ పాఠం నెరవేరాలంటే ఆ నీళ్లు మన వాడ దాకా పారాలి. ఆయన రెండూ చేసి చూపించారు. వచ్చే ఏప్రిల్ 14న దండ వేసేటప్పుడు మన ఊరి కాలువ లెక్క కూడా అడుగుదాం.