దోర్నకల్ బిషప్ అజరయ్య గారు

దోర్నకల్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది రైల్వే జంక్షన్. కాజీపేట నుంచి విజయవాడ వెళ్ళే దారిలో భద్రాచలం రోడ్డు లైను చీలేది అక్కడే. ఆ ఊళ్ళోనే ఒక వింత కట్టడం ఉంది. గుమ్మటాలు చూస్తే మసీదు అనిపిస్తుంది, స్తంభాలు చూస్తే గుడి అనిపిస్తుంది. లోపల జరిగేది మాత్రం క్రైస్తవ ఆరాధన. పాతికేళ్ళు కట్టి 1939 జనవరిలో ప్రతిష్ఠించారు. కట్టించినాయన తెలుగువాడు కాదు, తమిళుడు. పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఇక్కడ మన తెలుగు సంఘాల్లో పెద్దవాళ్ళకి ఆయన పేరు తెలుసు, పిల్లలకి తెలియదు. అందుకని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన 1874లో తిరునెల్వేలి ప్రాంతంలోని వెళ్ళాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి ఆంగ్లికన్ పాస్టరు. వాళ్ళది నాడార్ కులం, అంటే అప్పట్లో పై కులాలు దూరంగా పెట్టిన కులం. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు కానీ డిగ్రీ చేతికి రాలేదు. (తర్వాత 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆయనకి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. పిల్లల మార్కుల గురించి బెంగ పెట్టుకునే మనలాంటి తల్లిదండ్రుల కోసం ఈ సంగతి చెప్తున్నాను.) వై.ఎం.సి.ఏ.లో పనిచేశారు. 1898లో అన్బు మరియమ్మాళ్‌ని పెళ్ళి చేసుకున్నారు, కట్నం తీసుకోలేదు. 1903లో స్నేహితులతో కలిసి తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలుపెట్టారు. సువార్త పనికి డబ్బూ మనుషులూ ఎప్పుడూ సీమ నుంచే ఎందుకు రావాలన్నది వాళ్ళ ప్రశ్న. ఆ సొసైటీ ఎంచుకున్న చోటే నిజాం రాజ్యంలోని దోర్నకల్. 1909లో, ముప్ఫై అయిదేళ్ళ వయసులో, హాయిగా ఉన్న ఉద్యోగం వదిలి అజరయ్య గారు అక్కడికే వచ్చి తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టారు. పరాయి ఊళ్ళో పరాయి భాష నేర్చుకుని బతకడం ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పక్కర్లేదు.

మరుసటి సంవత్సరం ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ఆయన పేరు బయటి ప్రపంచానికి తెలిసింది అక్కడి ప్రసంగంతోనే. వచ్చినవాళ్ళలో అత్యధికులు తెల్లవాళ్ళు. వాళ్ళ త్యాగాన్ని ఆయన కాదనలేదు. ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, దానికి కృతజ్ఞత చెప్పారు. కానీ మాతో కలిసి భోజనానికి కూర్చోరు, మా ఇళ్ళకి రారు, మాకు కావలసింది మీ స్నేహం అన్న అర్థంలో మాట్లాడారు. సభలో కొందరికి కోపం వచ్చింది. ప్రేమంటే దానం చేయడం కాదు, పక్కన కూర్చోవడం అని ఆయన వాదన. నాకు ఆ సభ కంటే ఆ తర్వాత ఆయన గడిపిన ముప్ఫై అయిదేళ్ళే ముఖ్యమనిపిస్తాయి. తెల్లవాళ్ళని అడిగిన దాన్నే తన సంఘంలో తెలుగువాళ్ళని అడగవలసి వచ్చింది కనుక.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన్ని బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సభలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. దొరల్లో కొందరికి నచ్చలేదు, మనవాళ్ళలో కూడా కొందరికి నచ్చలేదు. తర్వాత కృష్ణా తీరపు సంఘాలు కూడా దోర్నకల్ కింద చేరాయి, ఇంగ్లీషు మిషనరీలు ఆయన చేతి కింద పనిచేశారు.

సంఘంలో చేరినవాళ్ళలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. 1940ల మొదటికి విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. ఈయన ఎడ్లబండి మీద పల్లె పల్లెకీ తిరిగేవారు. బాప్తిస్మం పొందినవాళ్ళ చెయ్యి వాళ్ళ తల మీదే పెట్టించి, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ అన్న పౌలు మాటని పలికించేవారు. కూలిజనం కదా, కానుక ఏమివ్వగలరని ఆయన వదిలిపెట్టలేదు. వంటకి బియ్యం తీసినప్పుడల్లా ఇల్లాలు ఒక పిడికెడు పక్కన పెట్టి ఆదివారం గుడికి తెచ్చే పద్ధతిని ప్రోత్సహించారు. పుచ్చుకునేవాడు ఎప్పుడూ పుచ్చుకునేవాడిగానే ఉంటే స్నేహం కుదరదు. చెక్కు రాసి చేతులు దులుపుకునే మాబోటివాళ్ళకి ఆ పిడికెడు బియ్యం కొంచెం గుచ్చుకుంటుంది.

అసలు కష్టం మాలపల్లికీ మాదిగవాడకీ మధ్య వచ్చింది. ముందు చేరినవాళ్ళకి తర్వాత వచ్చినవాళ్ళతో కలిసి కూర్చోవడం ఇష్టం లేదు. ప్రభు భోజనంలో మాత్రం పాత్ర ఒక్కటే. ఒకరు తాగిన పాత్రలో ఇంకొకరు తాగాలి. ఈ విషయంలో ఆయన రాజీపడలేదు. తాగినవాళ్ళందరూ బయటికి వచ్చాక పిల్లనిచ్చి పుచ్చుకున్నారా అంటే, చాలాచోట్ల లేదు. అయినా పల్లెల్లో వచ్చిన మార్పు చూసి పై కులాలవాళ్ళు కూడా వేల సంఖ్యలో సంఘంలో చేరారు.

1935లో అంబేద్కర్ గారు తాను హిందువుగా చనిపోనని ప్రకటించారు. ఆ రోజుల్లో అజరయ్య గారిని ఆయన ఒక మాట అడిగారని జీవిత చరిత్రల్లో ఉంది. మావాళ్ళు క్రైస్తవులైతే ఎక్కడున్నా ఒకే సంఘంగా ఉంటారా, కుల వివక్ష పూర్తిగా పోతుందా అని. అజరయ్య గారు అవునని చెప్పలేకపోయారు. తన జీవితంలో అంత సిగ్గుపడ్డ సందర్భం లేదని తర్వాత చెప్పుకున్నారట. ఎడిన్‌బరోలో అంతమంది దొరల ముందు తొణకని మనిషి ఆయన.

సభల ఐక్యత కోసం ఆయన 1919 నాటి తరంగంబాడి సమావేశం నుంచీ పాటుపడ్డారు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అంబేద్కర్ గారి ప్రశ్నలో మొదటి సగానికి అలా కొంత జవాబు దొరికింది. రెండో సగం ఇక్కడ, ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర ఎవరో కొత్తగా వచ్చినవాళ్ళని మీ ఇంటిపేరేమిటండీ అని అడిగినప్పుడల్లా నాకు గుర్తొస్తుంది.