వీణ చిట్టిబాబు సొంత బాణీ

మద్రాసులో తరాలుగా ఉంటున్న మన తెలుగు ఇళ్లలో చిట్టిబాబు పేరు వినని పెద్దలు తక్కువ. వీణ అనగానే ఆయనే గుర్తుకొచ్చేవారు. ఆ వీణ ఆయనదే అనిపించుకోవడానికి మాత్రం ఆయనకు చాలా ఏళ్లు పట్టింది.

చల్లపల్లి చిట్టిబాబు 1936 అక్టోబరు 13న కాకినాడలో పుట్టారు. పసితనంలోనే వీణ పట్టారు. 1948లో మద్రాసు వచ్చి, మరుసటేడు విడుదలైన 'లైలా మజ్ను'లో బాలనటుడిగా కనిపించారు. నటన సంగతి అలా ఉంచితే, ఈమని శంకరశాస్త్రి గారి శిష్యరికం దొరికింది ఈ ఊళ్లోనే.

చిక్కూ అక్కడే వచ్చింది. శంకరశాస్త్రి గారు వీణ చేత పాట పాడించిన మహానుభావులు. అటువంటివారి దగ్గర ఎంత శ్రద్ధగా నేర్చుకుంటే గురువు మీటు, గురువు గమకం అంతగా చేతికి అంటుకుంటాయి. మంచి శిష్యుడు కావడం వేరు, తానంటూ ఒకడు కావడం వేరు. చిట్టిబాబు గురుభక్తి వదలకుండానే నెమ్మదిగా తన దారి తాను వెతుక్కున్నారు.

పొట్టకూటికి చేసిన సినిమా రికార్డింగులే ఇందుకు సాయపడ్డాయని మేమనుకుంటాం. మీటిన స్వరం వీణలో తొందరగా సన్నగిల్లిపోతుంది. పెద్ద సభలో వెనక వరసదాకా చేరదు. వీణకే మైకు తగిలిస్తే గట్టిగా మీటాల్సిన పని లేదు. ఒక్క మీటుకే తీగను పక్కకు లాగుతూ, ఆరిపోబోయే నాదంలోంచి కూడా స్వరాలు పలికించవచ్చు. కరెంటు తోడైతే వీణ సహజత్వం పోతుందని గొణిగే రసికులు ఎప్పుడూ ఉంటారు. వారి బాధా కొట్టిపారేయదగ్గది కాదు. కానీ చిట్టిబాబు మైకును మోత కోసం కాక, మెత్తదనం కోసం వాడుకున్నారు.

కచేరీలో త్యాగరాజ కీర్తనలు వాయించిన వేళ్లే 'కొమ్మలో కోయిల'లో కోయిల కూతను పలికించేవి. 'వెడ్డింగ్ బెల్స్' అనే మరో రచనలో పెళ్లి గంటలు మోగించాయి. ఇవి గురువు గారి నీడ పడని చోట్లు. కీర్తనల కోసం వచ్చిన జనం వీటికోసం కూడా కాచుకుని కూర్చునేవారు.

1964లో శ్రీధర్ తీసిన తమిళ చిత్రం 'కలైకోవిల్'లో కథానాయకుడు వైణికుడు. తెరమీద వేళ్లు ముత్తురామన్‌వి, వినిపించే వీణ చిట్టిబాబుది. చిట్టిబాబు 1996 ఫిబ్రవరి 9న, 59 ఏళ్ల వయసులో పోయారు. ఆ సినిమా దొరికితే ఒకసారి కళ్లు మూసుకుని వినండి.