గవ్రీల్ ఇలిజరోవ్

కొందఱు శిశువులు మిక్కిలి పొట్టిదైన క్రింది దవుడతో జన్మింతురు. దవుడ చిన్నదగుటచే నాలుకకు చోటు చాలదు. బిడ్డను వెల్లకిల పరుండబెట్టినచో నాలుక వెనుకకు జాఱి గొంతునకు అడ్డుపడును. పాలు త్రాగుటయు, ఊపిరి పీల్చుటయు కష్టమగును. పియెర్ రోబిన్ అను ఫ్రెంచి వైద్యుడు 1923వ సంవత్సరమున ఈ యవస్థను వర్ణించెను. బోరగిల పరుండబెట్టినచో పలువురు శిశువులు కుదుటపడుదురు. అట్లు తేఱుకొనని వారికి మెడలో రంధ్రము చేసి, శ్వాసనాళమున గొట్టమమర్చవలసి వచ్చెడిది. ఆ గొట్టము పూడిపోకుండ రేయింబవళ్లు కనిపెట్టుకొనియుండుట తల్లిదండ్రులకు కత్తిమీది సాము. ఇట్టి శిశువుల దవుడను పొడిగింపవచ్చునను ఆశకు మూలపురుషుడు శిశువైద్యుడు కాడు, దవుడల వైద్యుడును కాడు. ఆయన సైబీరియాలో నొక పల్లెటూరి యాసుపత్రియందు కాలుసేతులు విఱిగినవారికి చికిత్స చేసిన గవ్రీల్ ఇలిజరోవ్.

ఇలిజరోవ్ 1921వ సంవత్సరము జూన్ 15వ తేదీన పోలండు దేశమున బియావొవియెజా అను నూర నొక పేద యూదుల యింట జన్మించెను. ఆయన బాల్యము కాకసస్ పర్వతముల చెంతనున్న కుసార్ అను చిన్న పట్టణమున గడచెను. తండ్రి త్వరలోనే మరణించెను. పది యేండ్లు దాటిన పిదపగాని ఆ బాలునకు బడిలో చేరుట పడలేదు. ఒకనాడు కడుగని పండ్లు తిని, విషము సోకి విలవిలలాడుచుండగా గ్రామవైద్యుడొకడు బ్రదికించెననియు, నాటినుండియే తానును వైద్యుడు కావలెనను కోరిక ఆయన మనస్సున నాటుకొనెననియు చెప్పుదురు.

క్రిమియా వైద్యకళాశాలలో చదువుచుండగా రెండవ ప్రపంచయుద్ధము వచ్చిపడెను. కళాశాల కజకస్థానునకు తరలిపోయెను. 1944లో పట్టము పొందిన ఇలిజరోవును ప్రభుత్వము కుర్గాన్ ప్రాంతమునకు పంపెను. అచట డోల్గోవ్కా అను పల్లెయందు ఆయన యొక్కడే వైద్యుడు. కాన్పులు, జ్వరములు, శస్త్రచికిత్సలు అన్నియు ఆయన పాలివే. యుద్ధమునుండి మరలివచ్చిన సైనికులలో ఎముక అతుకక, చీముపట్టి, మంచము వీడలేనివారు ఎందఱో ఉండిరి. నాడు తెలిసిన చికిత్స పిండికట్టు. అది విఱిగిన యెముకతోపాటు బాగుగానున్న కీళ్లను గూడ నెలల తరబడి కదలనీయదు. తుదకు ఎముక అతికినను కాలు కొయ్యబాఱిపోవును.

ఇలిజరోవ్ 1951లో నొక సాధనమును నిర్మించెను. విఱిగినచోటికి పైనను క్రిందను ఎముకలోనుండి సన్నని ఉక్కుతీగలను దూర్చి, సైకిలు చక్రపు పుల్లలవలె బిగియలాగి, అవయవము చుట్టునున్న ఉక్కు వలయములకు బంధించెను. ఆ వలయములను మరచుట్లుగల కడ్డీలతో కలిపెను. నట్లను త్రిప్పినచో ఎముక ముక్కలు దగ్గఱకు జరిగి ఒండొంటిని నొక్కుకొనును. రోగి ఆ వలయములతోనే లేచి నడువవచ్చును.

ఒక రోగి ఆ నట్లను పొరపాటున తలక్రిందుగా త్రిప్పుకొనెనని యొక కథ కలదు. ముక్కలు దగ్గఱకు రాక దూరమైపోయెను. కాని ఎక్స్‌రే చిత్రమున ఖాళీ కనబడవలసినచోట లేత యెముక కనబడెను! మఱొకరైనచో రోగిని మందలించి ఊరకుందురు. ఇలిజరోవ్ ఊరకుండక కుక్కలపై ఏండ్ల తరబడి పరిశోధన సాగించెను. ఎముకను కోసి, కొలదిదినములాగి, దినమునకు ఒక మిల్లీమీటరు చొప్పున, అదియు నాలుగు తడవలుగా, ఎడమొనర్చినచో ఆ నడుమ క్రొత్త యెముక పుట్టుననియు, నరములు, రక్తనాళములు, చర్మము గూడ దానితో పెరుగుననియు ఆయన నిరూపించెను. విశాఖపట్టణమునకు చేరువనున్న పద్మనాభము కొండ నెక్కిన బాలురకు ఇది తెలిసిన సంగతియే. వేయికి మించిన ఆ మెట్లను పరుగున నెక్కబూనినవాడు నడుమనే కూలబడును. ఒక్కొక్క మెట్టే యెక్కినవాడు అనంతపద్మనాభుని గుడి చేరును. ఎముక విషయమున మఱియొక చిక్కు గలదు. త్వరపడినచో క్రొత్త యెముక పుట్టదు, తడవుచేసినచో కోసినచోటు ముందే అతికిపోవును.

మాస్కో నగరపు నిపుణులు ఏండ్ల తరబడి ఈ పల్లెవైద్యుని మాట నమ్మరైరి. వారు తమ పుస్తకములను నమ్మినంతగా ఆయన రోగుల కాళ్లను చూచియుండిన బాగుండెడిది. 1964లో టోక్యో ఒలింపిక్ క్రీడలయందు ఎత్తు దూకుటలో స్వర్ణపతకము గెలిచిన వలేరీ బ్రూమెల్ మఱుసటి యేట మోటారుసైకిలు ప్రమాదమున కాలు నుగ్గుచేసికొనెను. పెక్కు శస్త్రచికిత్సలు విఫలములైన పిదప 1968లో కుర్గాన్ చేరెను. ఇలిజరోవ్ ఆ కాలిని నిలబెట్టెను. బ్రూమెల్ మరల రెండు మీటర్లకు పైగా దూకెను. ఆ తరువాత దేశమంతయు కుర్గాన్ వైపు చూచెను. 1980లో ఇటలీ దేశపు పర్వతారోహకుడు కార్లో మౌరి తన పాతగాయమునకు అచట చికిత్స పొందెను. 1981లో ఇలిజరోవ్ ఇటలీలోని బెల్లాజియోలో ఉపన్యసించుటతో పశ్చిమదేశముల వైద్యులకు ఈ విద్య తెలియవచ్చెను. మన యాసుపత్రులలో కాలు నుగ్గయిన వారికి బిగించు వలయములు ఆయనవే.

కాళ్లకు పనికివచ్చిన విద్య దవుడకేల పనికిరాదని కొందఱు తలపోసిరి. 1989లో న్యూయార్కు నగరమున జోసెఫ్ మెకార్తీ అను వైద్యుడు బాలుర దవుడలను ఇట్లు పొడిగింప మొదలిడెను. నలుగురు పిల్లల దవుడలు 18 మొదలు 24 మిల్లీమీటర్ల వఱకు పెరిగినట్లు ఆయన 1992లో ప్రకటించెను. ఆ యేడే జూలై 24వ తేదీన ఇలిజరోవ్ కుర్గాన్ నగరమున మరణించెను.

తరువాతి యేండ్లలో ఆ చికిత్స పసికందులకును అందెను. మొలవనున్న దంతముల మొగ్గలకును, దవుడలోని నరమునకును హాని తగులకుండ వైద్యులు ఇరువైపుల ఎముకను కోసి, చిన్న సాధనముల నమర్చుదురు. పసివారి యెముక త్వరగా పెరుగును గనుక దినమునకు ఒకటి రెండు మిల్లీమీటర్లు జరుపుదురు. దవుడ ముందుకు వచ్చినకొలది నాలుకయు దానితో ముందుకు వచ్చును. లేత యెముక గట్టిపడువఱకు ఆ సాధనములను కొన్ని వారములు ఉంచి, పిదప తీసివేయుదురు. చికిత్స ఫలించిన బిడ్డ మెడలో గొట్టము లేకయే, తల్లి ప్రక్కన వెల్లకిల పరుండి నిద్రించును.