డాక్టర్ జేకబ్ చేంబర్లేన్ దొరగారు

పెద్దపంజాణి, పుంగనూరు, మదనపల్లె ప్రాంతములలో మిషన్ సేవను గూర్చి మాటలాడుకొనునప్పుడు మేము ముందుగా తలచుకొను పేరు చేంబర్లేన్ దొరగారిది. వారు 1835లో అమెరికా దేశమందలి కనెక్టికట్ రాష్ట్రమున జన్మించిరి. దైవశాస్త్రముతోపాటు వైద్యమును కూడ అభ్యసించి, ఆర్కాటు మిషన్ పక్షమున 1860లో మద్రాసు చేరిరి. 1863లో మదనపల్లెలో కాపురముండి పని ఆరంభించిరి.

ఆ సంవత్సరమే నిజాము రాజ్యము మీదుగా రమారమి 1,200 మైళ్లు సువార్త ప్రయాణము చేసిరి. ఒక పట్టణములో జనులు రాళ్లు చేతబట్టి వారిని చుట్టుకొనిరి. తమ దేవతలను కాదనుటకు వచ్చిన పరదేశి అని వారి కోపము. దొరగారు వాదమునకు దిగలేదు. ఒక కథ చెప్పెదననియు, అది విన్న తరువాత కొట్టవచ్చుననియు అడిగి, క్రీస్తు సిలువ వృత్తాంతమును తెలుగులో చెప్పిరి. వినుచుండగా కొందరు కన్నీరు పెట్టి, రాళ్లను పారవేసిరని వారే వ్రాసియున్నారు. దేశమునకు వచ్చి మూడేండ్లే. ఆ మూడేండ్లలో తెలుగు పట్టుబడకపోయినయెడల ఆ దినము గడిచెడిదా?

భాషతోపాటు వేమన పద్యములును వారికి పరిచయమైనవి. తీర్థయాత్రలు, స్నానములు మనస్సులోని మలినమును కడుగవని వేమనయే చెప్పియుండగా, హిందూ శ్రోతలయెదుట ఆ పద్యములనే వినియోగించిరి. అన్ని మతములు ఒక్కటేయని వారు ఎన్నడును ఒప్పుకొనలేదు. అయినను పాపమును గూర్చిన వేదన ఈ దేశపు గ్రంథములలో ఉన్నదని స్వదేశీయులకు తెలిపిరి. ఆ కాలపు మిషనరీకి ఇది చిన్న మాట కాదు.

అమెరికావారి కొరకు వ్రాసిన పుస్తకములలో మాత్రము మన సీమ పులులు, త్రాచుపాములు నిండిన అడవివలె కనబడును. పుస్తకముల పేర్లే అట్టివి. చదువరులు అక్కడివారు గదా! మేము వాటిని కొంచెము నవ్వుకొనుచు చదువుదుము.

వైద్యశాలకు అన్ని కులములవారును, మహమ్మదీయులును వచ్చిరి. మందునకు ముందు వాక్యము వినిపించుట వారి వాడుక. ఒక బ్రాహ్మణ పండితుడు మిషనరీలను పండ్ల మామిడిచెట్టుతో పోల్చెనని వారు వ్రాసిరి: రాళ్లు రువ్వినకొలది అది పండ్లనే రాల్చునట. ఆ మాట పలికినవాడు క్రైస్తవుడు కాడు.

తెలుగు బైబిలు సవరణ సంఘమునకు వారు అనేక సంవత్సరములు అధ్యక్షులుగా నుండిరి. వృద్ధాప్యమున పక్షవాతము సోకినను స్వదేశమునకు మరలిపోయి విశ్రమింపలేదు. 1908 మార్చి 2న మదనపల్లెలోనే కన్నుమూసిరి.